ఫోన్ ఛార్జ్ అవుతోంది కానీ కంప్యూటర్‌లో కనిపించడం లేదు. అమ్మ రికార్డింగులు బయటికి తీయాలి

తెరచాప | రాత్రి 9:12

నమస్కారం అండి. నా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో మా అమ్మ గొంతు రికార్డింగులు 212 ఉన్నాయి. అమ్మ పోయి రెండేళ్లు దాటింది. పని చేసుకుంటూ పాడుకున్న పాటలు, నాకు చదివి వినిపించిన పాత ఉత్తరాలు, ఊరికే మాట్లాడుకున్న మాటలు. ఇవి ఇంకెక్కడా లేవు. వారం నుంచి ఆ ఫోన్ దానంతట అదే ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోంది. అందుకే టెన్షన్‌గా ఉంది. ఫొటోలు, వీడియోలు కూడా కలిపితే 60 జీబీ దాకా ఉంటాయి.

కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెడితే ఫోన్‌లో ఛార్జింగ్ గుర్తు వస్తోంది, అంతకు మించి ఏమీ జరగడం లేదు. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. ‘దిస్ పీసీ’ తెరిస్తే ఫోన్ పేరే లేదు. రెండూ రీస్టార్ట్ చేశాను. ఏం చేయాలో చెప్పండి.

వైరుచుట్ట | రాత్రి 9:25

తెరచాప గారూ, ముందుగా ఒక మాట. ఆ ఫోన్‌లో ఇప్పుడు ఏ అప్‌డేట్ చేయకండి, ఎవరు చెప్పినా రీసెట్ అసలే చేయకండి. వెనక మూత కొంచెమైనా ఉబ్బినట్టు ఉందేమో చూడండి. ఉబ్బి ఉంటే బ్యాటరీ పాడైనట్టు లెక్క, ఛార్జింగ్ తీసేసి మాకు చెప్పండి.

ఉబ్బు లేకపోతే, కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లో ‘టుడుంగ్’ అని చిన్న శబ్దం వస్తోందా? అది రాకపోతే కంప్యూటర్‌కి అసలు ఏదో తగిలిందన్న సంగతే తెలియలేదని అర్థం. అప్పుడు డ్రైవర్లూ సెట్టింగులూ వెతికి లాభం లేదు, మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే.

నేను ఫోన్లు బాగుచేసే పనిలో ఉన్నాను. నా దగ్గరికి ‘కంప్యూటర్‌కి కనెక్ట్ కావడం లేదు’ అని వచ్చేవాటిలో చాలావరకు ఫోన్‌లో ఏ లోపమూ ఉండదు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌ని బ్లేడుతో చీల్చి చూస్తే లోపల నాలుగు సన్నని తీగలు ఉంటాయి. సాధారణంగా ఎరుపుది 5 వోల్టుల కరెంటుకి, నలుపుది గ్రౌండ్‌కి. ఆకుపచ్చ, తెలుపు తీగలు రెండూ డేటాకి. ఏదో చిన్న పరికరంతో పాటు వచ్చిన సన్న కేబుల్‌ని చీలిస్తే ఒక్కోసారి ఎరుపు, నలుపు మాత్రమే కనిపిస్తాయి. దాంతో ఎంతసేపైనా ఛార్జింగ్ అవుతుంది కానీ ఒక్క ఫొటో కూడా దాటదు. బయటి నుంచి చూస్తే రెండు కేబుళ్లకీ తేడా తెలియదు.

ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ ఉంటే అది పెట్టి చూడండి.

నింగిచుక్క | రాత్రి 9:31

నాకూ అచ్చం ఇలాగే అయింది. మూడు రోజులు డ్రైవర్లు వెతికాను, చివరికి చూస్తే అది బ్లూటూత్ స్పీకర్‌తో వచ్చిన ఛార్జింగ్ కేబుల్. కేబుల్ మార్చగానే పనైపోయింది. అప్పటి నుంచి డేటా కేబుల్‌కి రంగు దారం కట్టి విడిగా పెట్టుకుంటున్నాను.

తెరచాప | రాత్రి 9:50

ఉబ్బు లేదండి. మీరు చెప్పిన శబ్దం నిజంగానే రాలేదు. బీరువాలో పాత కేబుల్ వెతికి పెట్టాను. శబ్దం వచ్చింది! ఫోన్ పేరు కూడా కనిపిస్తోంది. కానీ దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ‘దిస్ ఫోల్డర్ ఈజ్ ఎంప్టీ’ అంటోంది. గుండె ఆగినంత పనైంది. అన్నీ పోయాయా?

వైరుచుట్ట | రాత్రి 9:54

ఏమీ పోలేదు, కంగారు పడకండి. ఫోన్ తలుపు తీయలేదంతే.

ఫోన్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగండి. ‘ఈ పరికరం యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోంది’ లాంటి వాక్యం అట్టడుగున ఉంటుంది. దాన్ని తాకితే ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అనో ‘ఆండ్రాయిడ్ ఆటో’ పేరుతో కలిపో ఒక ఎంపిక వస్తుంది. అది ఎంచుకోండి.

ఇలా అడగడం మన మంచికే. ఎక్కడో పరాయి చోట ఛార్జింగ్ పెట్టినప్పుడు అవతలి యంత్రం మన ఫొటోలు చదవకుండా, ముందుగా ఛార్జింగ్ మాత్రమే ఇచ్చి మిగతాది మన అనుమతికి వదిలేస్తారు. అలాంటి చోట్లకి ఇందాకటి రెండు తీగల కేబులే మంచిది, దాన్ని పారేయకండి.

తెరచాప | రాత్రి 10:03

కనిపించాయి!! ‘ఇంటర్నల్ స్టోరేజ్’ అని వచ్చింది, లోపల డీసీఐఎం, డౌన్‌లోడ్, రికార్డింగ్స్... అన్నీ ఉన్నాయి. చేతులు వణుకుతున్నాయి అండి. ఇప్పుడు మొత్తం సెలెక్ట్ చేసి కట్ కొట్టి ల్యాప్‌టాప్‌లో పేస్ట్ చేయనా? ఫోన్‌లో జాగా కూడా ఖాళీ అవుతుంది కదా.

పాతఆల్బమ్ | రాత్రి 10:04

కట్ వద్దు! దయచేసి కట్ వద్దు. కాపీ మాత్రమే.

పాతఆల్బమ్ | రాత్రి 10:11

తొందరలో ఒక్క ముక్కే రాశాను, ఇప్పుడు వివరంగా చెప్తాను. కట్ చేసినప్పుడు ఒక్కో ఫైల్ ఇటు రాగానే అటు చెరిగిపోతూ ఉంటుంది. మధ్యలో కేబుల్ కదిలినా, మీ ఫోన్ తనంతట తాను ఆగిపోయినా, సగం వచ్చిన ఫైల్ ఏ పక్కన ఉందో ఎవరూ చెప్పలేరు. మా పాప మొదటి ఏడాది వీడియోలు కొన్ని నేను ఇలాగే పోగొట్టుకున్నాను. ఫైల్ పేరు ఉంది, తెరిస్తే సైజు 0 కేబీ. అటు చూస్తే ఫోన్‌లోనూ లేదు. కాపీ చేయండి, లెక్క సరిచూడండి, తెరిచి వినండి. చెరపడం గురించి నెల తర్వాత ఆలోచించవచ్చు.

ఇంకొకటి, మొత్తం 60 జీబీ ఒకేసారి లాగకండి. ముందు రికార్డింగ్స్ ఫోల్డర్ ఒక్కటే తీసుకోండి. సైజులో చిన్నది, విలువలో అన్నిటికంటే పెద్దది. ఫోన్ ఏ నిమిషాన మొండికేసినా అది చేతికి వచ్చేసి ఉండాలి. ఫొటోలు, వీడియోలు ఆ తర్వాత.

గాలిపటం | రాత్రి 10:20

మధ్యలో వచ్చాను, ఏమీ అనుకోకండి. ఈ రోజుల్లో కేబుల్ ఎందుకండీ? వైఫై మీద క్విక్ షేర్ ఉంది, క్లౌడ్ ఉంది. నేను కేబుల్ ముట్టుకుని ఏళ్లయింది.

పాతఆల్బమ్ | రాత్రి 10:34

నాలుగు ఫొటోలకైతే నేనూ అదే వాడతాను గాలిపటం గారూ. కానీ ఇక్కడ ఫోన్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. క్లౌడ్‌కి ఎక్కించాలంటే మన ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం ఎంతో అంతే. చాలా కనెక్షన్లలో అది డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ. 60 జీబీకి రాత్రంతా ఫోన్ మేలుకుని ఉండాలి.

కేబుల్ లెక్క వేరు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. నిజంగా చేతికి వచ్చేది అందులో సగం, కొంచెం అటూ ఇటూ. సెకనుకు 30 మెగాబైట్లు అనుకున్నా 60 జీబీకి అరగంట, ముప్పావుగంట. పైగా నెట్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, మన ఇంటి విషయాలు ఇంకొకరి కంప్యూటర్ మీదుగా పోవు.

గాలిపటం | రాత్రి 10:41

మీరు చెప్పింది నిజమే, ఆగిపోయే ఫోన్ అన్న సంగతి నేను సరిగా చదవలేదు. అయితే నాకో సందేహం. నా ఫోన్‌ది టైప్-సి. టైప్-సి అంటే వేగం ఎక్కువే కదా, అయినా నాకు సెకనుకు 35 ఎంబీ దాటలేదు అప్పట్లో.

వైరుచుట్ట | రాత్రి 10:52

టైప్-సి అన్నది పిన్ ఆకారం పేరు, వేగం పేరు కాదు. ఆ ఆకారం 2014లో వచ్చింది. దాని లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉండవచ్చు, 5 గిగాబిట్లవో 10 గిగాబిట్లవో ఉండవచ్చు. ఫోన్‌తో ఇచ్చే కేబుళ్లు చాలావరకు ఛార్జింగ్ కోసం చేసినవి, డేటాకి 2.0 వేగమే ఇస్తాయి. ఐఫోన్ 15 సంగతే చూడండి, 2023లో టైప్-సికి మారింది కానీ మామూలు మోడల్ వేగం యూఎస్‌బీ 2 దగ్గరే ఉంది. ప్రో మోడళ్లకే 10 గిగాబిట్ల దాకా ఇచ్చారు, అదీ కేబుల్ అందుకు తగ్గది విడిగా తెచ్చుకుంటేనే. ఫోన్ పోర్టు, కేబుల్, కంప్యూటర్ పోర్టు, ఈ మూడింట్లో ఏది నెమ్మదిదైతే మొత్తం వేగం అదే.

తెరచాప | రాత్రి 11:05

రికార్డింగ్స్ కాపీ అవుతూ మధ్యలో ఆగింది. ‘డివైస్ ఈజ్ నాట్ రెస్పాండింగ్’ లాంటిదేదో వచ్చింది, నేను ‘స్కిప్’ నొక్కాను. అయిపోయాక చూస్తే ల్యాప్‌టాప్‌లో 197 ఉన్నాయి. 15 తక్కువ. ఫోన్‌లో మాత్రం 212 కనిపిస్తున్నాయి. కేబుల్ కొంచెం కదిలినా టుడుంగ్ టుడుంగ్ అని పోతూ వస్తూ ఉంది.

వైరుచుట్ట | రాత్రి 11:13

కదిలితే పోతోందంటే పోర్టులో నూగు పేరుకుని ఉంటుంది. ఫోన్ స్విచాఫ్ చేయండి. టార్చి వేసి పోర్టులోకి చూడండి. అడుగున బూడిద రంగులో పొరలా కనిపిస్తే అది జేబులోని బట్ట నూగు. కేబుల్ పెట్టిన ప్రతిసారీ లోపలికి నొక్కుకుపోయి అట్టలా గట్టిపడుతుంది. దాంతో ప్లగ్ చివరిదాకా దిగదు. ఛార్జింగ్ ఎలాగో అందుతుంది, డేటా పిన్నులు అంటీ అంటనట్టు ఉంటాయి.

సన్నని చెక్కపుల్ల తీసుకుని, మధ్యలో ఉన్న నాలుకకు తగలకుండా, గోడ పక్కన నెమ్మదిగా గీకి బయటికి లాగండి. సూది, గుండుసూది లాంటి లోహం వద్దు. ఆ నాలుక మీదే పిన్నులన్నీ ఉంటాయి, అది విరిగితే పోర్టే మార్చాలి. నీళ్లు, నోటి ఊదుడు కూడా వద్దు, తేమ వెళ్తుంది. శుభ్రం చేశాక ప్లగ్ పెడితే చివర్లో ‘టక్’మని కూర్చోవాలి.

ల్యాప్‌టాప్ వైపు హబ్ ఏదైనా ఉంటే తీసేసి నేరుగా పెట్టండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, దానికి వేరే పని ఉండదు. బల్ల మీద పెట్టి, మళ్లీ చేత్తో తీయకండి.

లినక్స్‌లోకం | రాత్రి 11:30

తెరచాప గారు పోర్టు శుభ్రం చేసేలోగా, ఇది ఎందుకిలా మొరాయిస్తుందో చెప్తాను. తెలిస్తే భయం తగ్గుతుంది.

పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటర్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా, సొంత డ్రైవ్ అక్షరంతో (E:, F: లాంటిది) కనిపించేవి. ఆ పద్ధతిలో ఫోన్ తన స్టోరేజ్ మొత్తాన్ని కంప్యూటర్‌కి అప్పగించేసేది. ఒకే డిస్కు మీద ఇద్దరూ ఒకేసారి రాస్తే పాడవుతుంది కాబట్టి, అంతసేపూ ఫోన్‌లోని యాప్‌లకి ఆ మెమరీ అందేది కాదు. కేబుల్ అడ్డదిడ్డంగా పీకితే మొత్తం ఫైల్ సిస్టమే చెడే ప్రమాదం ఉండేది.

2011లో ఆండ్రాయిడ్ 3.0 నుంచి ఎంటీపీకి మారారు. పూర్తి పేరు మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. మైక్రోసాఫ్ట్ తయారుచేసింది, డిజిటల్ కెమెరాల కోసం ఉన్న పీటీపీ మీద కట్టింది. ఇందులో డిస్కు ఎప్పుడూ ఫోన్ చేతిలోనే ఉంటుంది. కంప్యూటర్ ‘నీ దగ్గర ఏమున్నాయి’ అని అడుగుతుంది, ఫోన్ జాబితా ఇస్తుంది. ‘ఆ ఫలానాది ఇవ్వు’ అంటే ఒక్కో ఫైల్ తీసి ఇస్తుంది. అందుకే డ్రైవ్ అక్షరం ఉండదు, వేల ఫొటోలున్న ఫోల్డర్ తెరవగానే పచ్చ గీత నత్తలా పాకుతుంది, ఫోన్‌లో ఉన్న ఫైల్‌ని అక్కడికక్కడే దిద్దడం కుదరదు. ఒక ప్రశ్నకి జవాబు రాకుండానే ఇంకోటి అడిగితే తడబడుతుంది. కాబట్టి ఒక కాపీ నడుస్తుంటే ఇంకో కాపీ మొదలుపెట్టకండి, ఆ విండోలో అటూ ఇటూ తిరగకండి.

చిన్నచిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే, ఫోన్‌లోనే ఫైల్ మేనేజర్‌తో జిప్ చేసి ఆ ఒక్కటి పంపడం చాలా వేగం. కానీ తెరచాప గారి ఫోన్‌లో వద్దు. మెమరీ నిండి ఉంది, పైగా ఆగిపోయే జబ్బు ఉంది.

మంచుబిందువు | రాత్రి 11:38

ఐఫోన్‌కి కూడా ఇవే పద్ధతులా? నాకు విండోస్‌లో సగం ఫొటోలే వస్తున్నాయి.

లినక్స్‌లోకం | రాత్రి 11:49

ఐఫోన్‌లో దారి వేరు. లాక్ తీసి పెట్టగానే ‘ట్రస్ట్’ అని అడుగుతుంది, దానికి ఒప్పుకుని పాస్‌కోడ్ కొడితేనే తలుపు తెరుచుకుంటుంది. విండోస్‌లో ఫొటోలు, వీడియోలు ఉన్న డీసీఐఎం ఒక్కటే కనిపిస్తుంది. మిగతా వాటికి ఆపిల్ డివైసెస్ యాప్ గానీ ఐట్యూన్స్ గానీ కావాలి.

సగమే రావడానికి సాధారణంగా రెండు కారణాలు. ఐక్లౌడ్‌లో ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ ఆన్‌లో ఉంటే అసలు ఫొటో ఫోన్‌లో ఉండదు, చిన్న నకలే ఉంటుంది. లేనిదాన్ని కేబుల్ ఎక్కడి నుంచి తెస్తుంది? రెండోది, ఫొటోల సెట్టింగ్స్‌లో అట్టడుగున ‘ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ’ ఉంటుంది. అది ‘ఆటోమేటిక్’ మీద ఉంటే పంపేటప్పుడే ఐఫోన్ వాడే హెచ్ఈఐసీ రకం ఫొటోలని జేపెగ్‌గా మారుస్తూ పంపుతుంది, ఆ పనిలో మధ్యలో తెగిపోతుంటుంది. ‘కీప్ ఒరిజినల్స్’ పెట్టి మళ్లీ ప్రయత్నించండి.

నింగిచుక్క | రాత్రి 11:55

మ్యాక్‌లో ఆండ్రాయిడ్ ఫోన్ పెడితే ఏమీ రాదు, అది కూడా చెప్పండి. మ్యాక్‌కి ఎంటీపీ సొంతంగా రాదు. గూగుల్ వాళ్ల పాత ఆండ్రాయిడ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఇప్పుడు ఇవ్వడం లేదు. నేను ఓపెన్‌ఎంటీపీ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడుతున్నాను, ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టలేదు.

తెరచాప | రాత్రి 12:20

వైరుచుట్ట గారూ, మీరు చెప్పినట్టే పుల్లతో తీస్తే చిన్న ఉండలా నూగు వచ్చింది, గోరంత ఉంది! ఇప్పుడు కేబుల్ టక్‌మని కూర్చుంది, కదిలినా పోవడం లేదు. రికార్డింగ్స్ మళ్లీ మొత్తం కాపీ చేశాను. 212కి 212 వచ్చాయి. ఇటూ అటూ ప్రాపర్టీస్‌లో సైజు కూడా ఒకటే ఉంది. అన్నయ్యా అనొచ్చో లేదో గానీ, మీ మేలు మర్చిపోలేను.

కానీ అన్ని ఫైళ్లకీ ఈ రోజు తేదీ పడింది. ఏది ఎప్పటిదో పోయినట్టేనా? ఇంకో విషయం, అమ్మ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా కావాలి. ‘వాట్సాప్’ అనే ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా ఉంది.

వైరుచుట్ట | రాత్రి 12:26

అన్నయ్యా అనే పిలవమ్మా, అందులో ఏముంది. 212 వచ్చాయన్న మాట చదివి నాకూ ప్రాణం లేచొచ్చింది.

పాతఆల్బమ్ | రాత్రి 12:35

తేదీలు పోలేదు. మీరు చూస్తున్నది ‘డేట్ క్రియేటెడ్’ అయి ఉంటుంది, అంటే ఈ ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్ పుట్టిన రోజు. పై వరస మీద రైట్ క్లిక్ చేసి ‘డేట్ మాడిఫైడ్’ పెట్టి చూడండి, చాలాసార్లు అసలు తేదీ అందులో అలాగే ఉంటుంది. ఫొటోలకైతే తీసిన రోజు, గంట ఫొటో లోపలే రాసి ఉంటాయి, కాపీ చేసినంత మాత్రాన పోవు. రికార్డింగుల పేర్లలో తేదీ అంకెలు ఉన్నట్లయితే ఆ పేర్లు మాత్రం మార్చకండి.

వాట్సాప్ ఫైళ్లు ఆండ్రాయిడ్ 11 నాటి నుంచి వేరే చోటికి మారాయి. ‘ఆండ్రాయిడ్’ ఫోల్డర్ లోపల ‘మీడియా’, అందులో ‘కామ్ డాట్ వాట్సాప్’, అందులో ‘వాట్సాప్’, మళ్లీ ‘మీడియా’, చివరికి ‘వాట్సాప్ వాయిస్ నోట్స్’. అక్కడ 202214, 202215 లాంటి అంకెల ఫోల్డర్లు ఉంటాయి. మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, చివరి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో. ఫైళ్లు ఓపస్ అనే ఆడియో రకం, వీఎల్‌సీ ప్లేయర్‌లో పాడతాయి. ఎవరు పంపారన్నది మాత్రం పేరులో ఉండదు, విని గుర్తుపట్టాలి.

లినక్స్‌లోకం | రాత్రి 12:44

ఫొటోలు, వీడియోల దగ్గర ఎంటీపీ మళ్లీ మొండికేస్తే చివరి ఆయుధం ఒకటుంది. ఏడీబీ అని గూగుల్ ఉచితంగా ఇచ్చే చిన్న ప్రోగ్రామ్, కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తాకితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. ‘పుల్’ అనే ఆదేశంతో పూర్తి ఫోల్డర్‌ని లాగేయవచ్చు, పక్కన ‘-a’ అని చేరిస్తే తేదీలు కూడా అలాగే ఉంటాయి. పెద్ద ఫోల్డర్లకి ఇది ఎంటీపీ కంటే నాకు ఎంతో నమ్మకం. పని కాగానే డీబగ్గింగ్ ఆపేయడం తప్పనిసరి, అది తెరిచి ఉంచే తలుపు కాదు.

గాలిపటం | రాత్రి 12:51

స్క్రీన్ పగిలి టచ్ పనిచేయని వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఓటీజీ అడాప్టర్‌తో మామూలు మౌస్ పెట్టి చూడండి. తెరపై బాణం గుర్తు వస్తుంది, దాంతో లాక్ తీసుకోవచ్చు. మా చెల్లెలి ఫోన్‌లో నోట్స్ అన్నీ అలాగే బయటికి తీశాం. తర్వాత ఒకే పోర్టు కాబట్టి మౌస్ తీసి వెంటనే కేబుల్ పెట్టాలి, అందుకే ముందుగా స్క్రీన్ ఆరిపోయే సమయాన్ని బాగా పెంచుకోండి.

తెరచాప | మరుసటి రోజు, మధ్యాహ్నం 3:40

ఫొటోలు నెలల వారీగా విడగొట్టి కాపీ చేశాను. మధ్యలో ఫోన్ రెండుసార్లు ఆగిపోయింది, ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఏడీబీ అవసరం రాలేదు. డేట్ మాడిఫైడ్‌లో అసలు తేదీలు ఉన్నాయి. వాయిస్ నోట్స్ ఫోల్డర్లు కూడా దొరికాయి. 202138 అనే ఫోల్డర్‌లో అమ్మ నన్ను ‘ఎక్కడి దాకా వచ్చావు’ అని అడిగినవే ఆరు ఉన్నాయి. ఆరూ విన్నాను.

ఒక్క ప్రశ్న మిగిలింది. పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో నకలు తీస్తుంటే ఒక పెళ్లి వీడియో మాత్రం ‘టూ లార్జ్’ అంటోంది. పెన్‌డ్రైవ్‌లో జాగా చాలా ఉంది.

లినక్స్‌లోకం | సాయంత్రం 4:02

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీకి మించకూడదు. అందులో ఉన్నవి పక్కకు తీసి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. ఫార్మాట్ చేసే ముందు డ్రైవ్ అక్షరం రెండుసార్లు సరిచూసుకోండి, పెన్‌డ్రైవే అని నిర్ధారించుకున్నాకే ఓకే నొక్కండి.

తెరచాప | రాత్రి 8:15

అయిపోయింది అండి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. పెన్‌డ్రైవ్ తమ్ముడి చేతికి ఇచ్చాను, వాడు అప్పుడే కూర్చుని వింటున్నాడు. ఫోన్‌లో మాత్రం ఇంకా ఏదీ చెరపలేదు.